నైట్ రౌండ్స్: జీపు వెనక సీటు నుంచి

రాత్రి గస్తీ అంటే సైరన్లు, ఛేజింగులు అనుకుని జీపెక్కినవాడికి మొదటి గంటలోనే ఆవులింతలు మొదలవుతాయి. ఎనభైల్లో, తొంభైల్లో మన జిల్లాల్లో స్టేషన్ జీపులో తెల్లవార్లూ తిరిగినవాళ్ళకు ఇప్పటికీ గుర్తుండేవి వేరు. కాన్వాసు టాపు అంచు నుంచి మెడ మీద పడే మంచు చుక్క. వైర్‌లెస్ సెట్టులో ఆగని గరగర. మూసిన దుకాణం తాళాన్ని కానిస్టేబుల్ పట్టుకుని లాగి వదిలితే, అది షట్టరుకు తగిలి చేసే 'టక్' చప్పుడు. బజారు ఈ చివర నుంచి ఆ చివరకి ఆ టక్ టక్ వినిపించిందంటే ఆ రాత్రి డ్యూటీ జరిగినట్టు. జీపు చప్పుడు ఒక్కటే వినిపించిందంటే డీజిల్ ఖర్చయినట్టు, అంతే.

రాత్రి సంగతి సాయంత్రం రోల్‌కాల్‌లోనే సగం తేలిపోయేది. ఎస్సై కుర్చీలో, పక్కన స్టేషన్ రాతకోతలు చూసే రైటర్, ఎదురుగా వరసలో కానిస్టేబుళ్ళు, హోంగార్డులు. ఏ బీటు (గస్తీ తిరిగే వీధులు) ఎవరిది, పారా (స్టేషన్ కాపలా) ఎవరిది, జీపులో ఎవరు. బీటుకి ఇద్దరనేది కాగితం మీద లెక్క. బందోబస్తులకు, కోర్టులకు, సెలవులకు పోగా మిగిలేది ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు. కొన్ని రాత్రులు అదీ లేదు. పేర్లు అయ్యాక అసలు విషయాలు చదివేవాళ్ళు: పక్క సర్కిల్లో ఎక్కడ కన్నం పడింది, తలుపు పగలగొట్టారా, కిటికీ చువ్వలు వంచారా, ఏ టైములో, ఈ వారం జైలు నుంచి ఎవడు బయటికొచ్చాడు. ఈ చివరి ముక్కని చెవికెక్కించుకున్నవాడే బీటులో పనికొచ్చేవాడు.

తర్వాత జనరల్ డైరీ. స్టేషన్ భాషలో జీడీ. 1861 నాటి పోలీసు చట్టం 44వ సెక్షను రాయమన్న పుస్తకం అది. ఎవరు ఎన్ని గంటలకు బయల్దేరారో, ఎన్నింటికి తిరిగొచ్చారో అందులో పడాలి. రాత్రి ఏదైనా జరిగి కోర్టులో నిలబడాల్సి వస్తే, ఆ టైముకి మనం అక్కడ ఉన్నామని చెప్పే మొదటి సాక్ష్యం ఆ ఒక్క లైనే. పాత రైటర్లు అందుకే జీడీలో కొట్టివేతలకు, మధ్యలో ఖాళీ గీతలకు అస్సలు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఎంత అర్జంటైనా సరే, 'రాసి వెళ్ళండి సార్' అని ఎస్సైని కూడా ఆపే ధైర్యం స్టేషన్లో రైటర్ ఒక్కడికే ఉండేది.

జీపు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మహీంద్రా డీజిల్ జీపు. ముందు ఇద్దరు, ఇరుక్కుంటే ముగ్గురు. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. దానికి అసలు జబ్బు బ్యాటరీ. రౌండ్స్‌లో సగం పని ఇంజను ఆపి చీకట్లో నిలబడటమే. ఇంజను ఆగినా సెట్టు ఆగదు. వింటున్నంతసేపు అది పెద్దగా తాగదు కానీ మైకు నొక్కి మాట్లాడితే మాత్రం ఐదారు ఆంపియర్లు లాగేస్తుంది. బ్యాటరీ పాతదై, పైగా బెల్టు వదులైతే తెల్లవారుజామున మూడింటికి సెల్ఫు కొడితే 'కటకట' తప్ప ఇంకేమీ ఉండదు. తెలిసిన డ్రైవరు అందుకే ఎక్కడ ఆపినా బండి ముక్కు పల్లం వైపు పెట్టేవాడు. దొర్లించి, రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకుంటుంది. పల్లం లేని ఊళ్ళో అయితే వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు దిగాల్సిందే.

బయల్దేరేముందు వెనక ఏమున్నాయో ఒకసారి తడిమి చూసుకోవాలి: స్టెప్నీలో గాలి, జాకీ, దాని రాడ్డు (జాకీ ఉండి రాడ్డు లేని జీపులే ఎక్కువ), లాఠీలు, పది గజాల తాడు, ఒక పాత దుప్పటి, సుద్దముక్కలు, కొలిచే టేపు. తాడు ఎందుకంటే నూతిలో పడినవాళ్ళ కోసం, చెడిపోయిన బండి లాగడం కోసం. దుప్పటి ఎందుకో రోడ్డు మీద ఒక ప్రమాదం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

టార్చి వాడటంలో కూడా పనితనం ఉంది. రెండు సెల్లుల స్టీలు టార్చి, ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. సంచిలో పడేసినప్పుడు మీట దానంతటదే నొక్కుకుపోయి సెల్లులు చచ్చిపోకుండా ఒక సెల్లుని తిరగేసి పెట్టేవాళ్ళు. డ్యూటీ ఎక్కేటప్పుడు సరిచేసుకోవాలి. ఇది మర్చిపోయి చీకటి సందులో మీట నొక్కుతూ నిలబడినవాళ్ళున్నారు. అడుగు మూతలో స్ప్రింగు పక్కన ఇంకో బల్బు దాచుకునే చోటుంటుంది. అది ఉందో లేదో చూసుకున్నవాడు సీనియరు కిందే లెక్క. వెలిగించేటప్పుడు ఒంటికి దూరంగా, చెయ్యి పక్కకు చాచి పట్టాలి. అవతలివాడు రాయో కత్తో విసిరితే వెలుతురు మీదికే విసురుతాడు. అన్నిటికన్నా పెద్ద సూత్రం, టార్చిని వీలైనంత తక్కువ వాడటం. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అది పోవడానికి ఒక్క అగ్గిపుల్ల చాలు. జీపులో బీడీ వెలిగించొద్దని పెద్దవాళ్ళు కసిరేది ఆరోగ్యం గురించి కాదు.

వైర్‌లెస్ సెట్టుతో కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. మైకు బటన్ నొక్కగానే మాట్లాడేస్తారు. మన మాటను దూరానికి పంపే రిపీటరు అందుకోవడానికి ఒక క్షణం పడుతుంది, ఈలోగా మొదటి ముక్క గాలికి పోతుంది. 'ఇరవై ఒకటో వార్డు' అని మనం అంటే కంట్రోల్లో 'ఒకటో వార్డు' అని వినిపిస్తుంది, జీపు ఊరికి అవతలి చివరికి వెళ్తుంది. నొక్కు, ఒక్క లిప్త ఆగు, అప్పుడు మాట్లాడు, ఓవర్ అను, వదులు. కొండ వెనక్కి వెళ్తే సెట్టు మూగబోతుంది కాబట్టి ఏ మలుపు దగ్గర పలుకుతుందో, ఏ గట్టెక్కితే పలుకుతుందో డ్రైవరుకి నోటికొచ్చుండాలి. ఇక మైకు సీటు కింద జారిపడి, బటన్ మీద ఎవరి బూటో ఆనితే ఛానలంతా బంద్. అంతకన్నా ఘోరం, ఆ జీపులో పై అధికారుల గురించి చెప్పుకునే కబుర్లన్నీ సెట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడి చెవినా పడతాయి. అలాంటి రాత్రి మర్నాడు స్టేషన్లో ఎవరూ ఎవరి మొహం చూసేవాళ్ళు కాదు.

గంట గంటకీ స్టేషన్ సెంట్రీ వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద కొట్టేవాడు. పన్నెండు కొట్టాక ఊరి చప్పుడు మారుతుంది. సెకండ్ షో వదిలిన జనం, రిక్షాలు ఇళ్ళకు చేరిపోయాక మిగిలేది కుక్కలు, గూర్ఖా. గూర్ఖా ఈల ఊది, కర్రతో కరెంటు స్తంభాన్ని ఒక దెబ్బ కొట్టి పోతాడు. దీని మీద పోలీసుల్లో ఎప్పుడూ రెండు వర్గాలే. చప్పుడు చేస్తే దొంగకు 'నేనొస్తున్నాను, తప్పుకో' అని చెప్పినట్టేనని ఒకరు, తప్పుకున్నా దొంగతనం ఆగినట్టే కదా అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. వేసవిలో జనం డాబాల మీద, వాకిళ్ళలో పడుకున్నప్పుడు చప్పుడు మంచిది. నిద్రలో ఉన్నవాళ్ళు ఒకసారి కదులుతారు. సంక్రాంతికి సగం వీధి తాళాలేసి ఊళ్ళకు వెళ్ళినప్పుడు చప్పుడు ఎవరిని లేపుతుంది? అప్పుడు నిశ్శబ్దంగా నడిచేవాడే కావాలి. సైకిల్ బీటు కానిస్టేబుళ్ళు డైనమో చక్రానికి ఆనించకుండా చీకట్లోనే తొక్కేది అందుకే. డైనమో రొద ఫర్లాంగు దూరం వినిపిస్తుంది, ఆగితే లైటు ఆరిపోతుంది, రెండిందాలా నష్టం. తోలు బూట్లు వదిలి కాన్వాసు బూట్లు వేసుకొచ్చేదీ అందుకే. పై అధికారి కంట పడితే మెమో.

జీపు వీధుల్లో సైకిలు వేగాన్ని మించకూడదు. సందు మొదట్లో హెడ్‌లైట్లు ఆర్పి, ఇంజను ఆపి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. బయటివాళ్ళకు ఇది కాలక్షేపంలా కనిపిస్తుంది. ఇదే రౌండ్స్‌లో గట్టి పని. ఇంజను రొదలో వినపడనివన్నీ అప్పుడు వినిపిస్తాయి. కుక్కల్నే తీసుకోండి. జీపుని చూసి మొరిగే కుక్క జీపుతోపాటే కదులుతుంది. ఒకే చోట నిలబడి, ఒకే వైపు మొహం పెట్టి మొరిగే కుక్క మనిషిని చూసింది. మొరుగుతూ మొరుగుతూ ఠక్కున ఆగిందంటే దానికి ఎవరో ఏదో పెట్టారు. రోజూ మొరిగే కుక్క ఆ రాత్రి అసలు లేకపోయినా దిగి చూడాల్సిందే.

పోయిన టైముకే రోజూ పోకూడదు. జీపు ఒంటిగంటన్నరకి ఆ వీధి దాటుతుందని తెలిస్తే, దొంగకు గంటా పదినిమిషాల నిశ్చింత మనమే రాసిచ్చినట్టు. ఒకసారి దాటాక పది నిమిషాల్లోనే అదే వీధికి అటునుంచి తిరిగి రావడమనే చిన్న ఎత్తుకి దొరికినంతమంది ఇంకే పెద్ద ప్లానుకీ దొరకలేదని పాత హెడ్డు కానిస్టేబుళ్ళు చెప్పేవాళ్ళు. వర్షం పడే రాత్రి ఎవరికైనా స్టేషన్లో ఉండాలనిపిస్తుంది. గడ్డపార చప్పుడు వానలో కలిసిపోతుంది కాబట్టి దొంగకు మాత్రం ఆ రాత్రే పండగ. అమావాస్యకు అటూ ఇటూ వారం బీట్లు పెంచడం, పున్నమికి కాస్త వదలడం ఎవరూ రాసిపెట్టకపోయినా పాటించే లెక్క.

ఇప్పుడు తాళాల దగ్గరికి వద్దాం. తాళాన్ని కంటితో చూస్తే సరిపోదు, చేత్తో లాగాలి. కోసేసిన తాళాన్ని మళ్ళీ అలాగే తగిలించి లోపల పని చేసుకునేవాళ్ళున్నారు. దూరం నుంచి టార్చి వేస్తే తాళం ఉన్నట్టే కనిపిస్తుంది, లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. ఇంకో రకం, ఒకడు లోపలికి దూరాక బయటివాడు సొంత తాళం వేసి పక్క సందులో కూర్చుంటాడు. అది లాగినా ఊడదు. దాన్ని పట్టుకోవాలంటే ఆ దుకాణానికి రోజూ ఏ తాళం వేస్తారో తెలిసుండాలి. ఇటు బరువైన అలీఘర్ తాళం, అటు పక్క కొత్తగా మెరిసే చిన్న తాళం ఉంటే అక్కడ ఆగాలి. రంపంతో కోసిన ఇనుము కోసినచోట వెండిలా మెరుస్తుంది, కింద గచ్చు మీద సన్నటి ఇనప రజను ఉంటుంది. వేలు తడి చేసి అద్దితే అంటుకుంటుంది. షట్టరైతే తాళాల జోలికి వెళ్ళకుండా మధ్యలో జాకీ పెట్టి ఎత్తుతారు. రెండు పక్కలా తాళాలు భద్రంగా ఉంటాయి, నడుమ మాత్రం మనిషి పాకేంత వంపు. దీనికి టార్చిని నేల మీద పెట్టి అడ్డంగా వెలిగించాలి. అడుగు అంచు సరిగ్గా ఉంటే వెలుతురు గీతలా ఆగిపోతుంది, వంగి ఉంటే ఆ మేర లోపలికి జారుతుంది. నిలబడి చూసేవాడికి ఇది ఎప్పటికీ కనపడదు. ఒంగాలి. రాత్రికి అన్నిసార్లు నడుం ఒంచడం ఎవరికిష్టం? చాలా కన్నాలు ఆ బద్ధకంలోంచే పడ్డాయి.

ఇళ్ళ విషయంలో తాళం కన్నా గొళ్ళెం బలహీనం. తాళం ఎంత ఖరీదుదైనా, గొళ్ళేన్ని పట్టి ఉంచేవి నాలుగు చిన్న మరమేకులు; అరగజం ఇనప కడ్డీ దూర్చి ఒక్క ఊపు ఊపితే తాళం తాళంలాగే ఉండి గొళ్ళెం ఊడొస్తుంది. తలుపు అవతలి దాకా బోల్టు దింపి లోపల నట్టు బిగిస్తే ఈ పని అంత తేలిక కాదని బీటు కానిస్టేబుళ్ళు ప్రతి ఇంటివాళ్ళకూ చెప్పేవాళ్ళు. వినేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఎవరూ లేరని దొంగ దేన్ని బట్టి కనిపెడతాడో బీటువాడూ దాన్ని బట్టే కనిపెట్టాలి: గేటులో పోగుబడిన పేపర్లు, పట్టపగలు కూడా వెలుగుతూనే ఉన్న వాకిలి లైటు, అన్నిటికన్నా ముందు ముగ్గు. కళ్ళాపి చల్లి ముగ్గు వేయని గడప అంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరని వీధంతటికీ రాసిపెట్టినట్టే. ఊరెళ్ళేవాళ్ళని పక్కింటి పనిమనిషికి నాలుగు డబ్బులిచ్చి రోజూ ముగ్గు వేయించుకోమని స్టేషన్లో చెప్పేవాళ్ళు. అలాంటి ఇంటి గేటు సందులో కానిస్టేబుల్ మొదటి రౌండుకి ఒక అగ్గిపుల్ల గుచ్చి పోతాడు. రెండో రౌండుకి అది కింద పడి ఉంటే గేటు తెరుచుకుంది. పిల్లి కావచ్చు, గాలి కావచ్చు. దిగి చూడటం మాత్రం తప్పదు.

కేడీల చెకింగు లేకుండా ఆ రోజుల్లో రౌండ్స్ ముగిసేది కాదు. ఊళ్ళో తిట్టుగా వాడే 'కేడీ' అనే మాట పుట్టింది పాత మద్రాసు రాజధాని పోలీసు రికార్డుల్లోనే. నోన్ డిప్రడేటర్, అంటే దోపిడీలకు పేరుపడ్డవాడు, అనే ముద్రకు పొడి అక్షరాలు. జీపు దూరంగా ఆపి, ఇద్దరు కేడీ ఇంటికి నడిచి వెళ్ళి, బయట నుంచి పేరు పెట్టి పిలవాలి. జవాబు అతని గొంతుతోనే రావాలి. 'ఊరెళ్ళాడు' అని భార్య అంటే ఏ ఊరు, ఎప్పుడెళ్ళాడు అని రాసుకుని, ఆ ఊరి స్టేషనుకి బీసీ రోలు (బ్యాడ్ క్యారెక్టర్, అంటే పాత నేరస్తుడి వివరాల కాగితం) పంపాలి. అలా పంపినవాటికి జవాబు రావడం కూడా ఒక పండగే.

ఇది మంచి జ్ఞాపకమని చెప్పలేం. ఇళ్ళకు రాత్రిపూట ఇలా వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పి, ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లోని ఆ ముక్కను కొట్టేసింది. బయట నుంచి కనిపెట్టి ఉండటం వేరు, తలుపు తట్టి పసిపిల్లల్ని లేపడం వేరు. అంతకు ముందు 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాల్లో పుట్టినవాళ్ళందరినీ పుట్టుకతోనే నేరస్తుల్ని చేసి రాత్రి హాజరు వేయించింది. దేశమంతటా అది 1952లో రద్దయింది. చట్టం పోయినా ఆ అలవాటు పోవడానికి చాలా కాలం పట్టింది. ఊళ్ళో ఎక్కడ కన్నం పడినా జీపు ముందుగా ఆ కులాల పేటలకే మళ్ళేది. అసలు దొంగ ఈలోగా మొదటి బస్సెక్కేవాడు. న్యాయం సంగతి అలా ఉంచినా, పనితనం లెక్కన చూసినా అది చెడ్డ పద్ధతే.

రెండింటి నుంచి నాలుగింటిదాకా బస్టాండు. ఆర్టీసీ కండక్టరు చేత్తో చించి పంచ్ కొట్టే టికెట్ల కాలం అది. ఆ టికెట్టు మీద రంధ్రం ఏ స్టేజీ దగ్గరుందో చూస్తే మనిషి ఎక్కడెక్కి ఎక్కడ దిగాలో తెలిసిపోతుంది. బెంచీ మీద సంచి తలకింద పెట్టుకున్నవాడిని లేపి 'ఎక్కణ్ణుంచి?' అంటే ఏదో ఊరు చెబుతాడు. ఆ ఊరి బస్సు ఎన్నింటికొచ్చిందో పక్కన టీ బంకువాడికి తెలుసు. టికెట్టు పారేశానంటాడు, నిజమే, అందరూ పారేస్తారు. అప్పుడు కాళ్ళు చూడాలి. రాత్రంతా బస్సులో కూర్చున్నవాడి లుంగీ అంచు మోకాలి దాకా మంచుకి తడిసి ఉండదు, దానికి గట్ల మీది గడ్డి ముళ్ళు అంటుకుని ఉండవు. చెప్పులు పొడిగా ఉండి, గోళ్ళ సందుల్లో గోడ సున్నం ఉంటే కూడా ఆలోచించాలి. ఇంత చూసి తీసుకొచ్చినవాళ్ళలో చాలామంది ఏమీ చేయనివాళ్ళే. ఇంట్లో పోట్లాడి వచ్చినవాడు, ఆసుపత్రిలో ఉన్న తమ్ముడి కోసం వచ్చి చోటు తెలియనివాడు. అలాంటివాణ్ణి ఉనికి దాచుకుంటున్నాడని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 109 సెక్షను కింద కేసు కట్టి లెక్క నింపుకున్న స్టేషన్లు లేకపోలేదు. ఒక టీ ఇప్పించి తెల్లారేదాకా స్టేషన్ అరుగు మీద కూర్చోబెట్టి పంపినవీ ఉన్నాయి.

బండి మీద వచ్చినవాడిని అడిగే ప్రశ్నలు ఇంకా సులువు. నంబరు చూడకుండా చెప్పమనాలి. బండి ఒకసారి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయమనాలి. పాత స్కూటరుకి చోకు ఎంత లాగాలో, ఎన్నో కిక్కుకి అందుకుంటుందో సొంతదారు కాలికి తెలుసు. దొంగ కాలికి తెలియదు. నంబరు ప్లేటు పాతదై మరలు కొత్తగా మెరుస్తున్నాయా, తాళం చెవి లేకుండా వైర్లు కలిపి ఉన్నాయా అన్నది టార్చి ఒక్కసారి వేస్తే తేలుతుంది. సందులో నిలిపి ఉన్న బండైతే ఇంజను మీద చెయ్యి పెట్టాలి. 'సాయంత్రం నుంచి ఇక్కడే ఉంది సార్' అన్న బండి వేడిగా ఉండకూడదు. నంబరు చూడగానే జిల్లా తెలిసే సౌకర్యం కూడా అప్పట్లో ఉండేది: ఏపీ 7 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే కృష్ణా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అయ్యాక ఆ చూపు అక్కర్లేకుండా పోయింది.

హైవే స్టేషనైతే రాత్రి రెండో సగమంతా రోడ్డు మీదే. ఇప్పుడు 16 అంటున్న మద్రాసు, కలకత్తా రోడ్డు అప్పటి 5వ నంబరు జాతీయ రహదారి, చాలాచోట్ల రెండు వరసలే. అక్కడ మనుషుల్ని చంపేవి వేగం ఒక్కటే కాదు, రాళ్ళు కూడా. లారీ టైరు పగిలితే క్లీనరు వెనక చెట్టుకొమ్మ పడేసి, చుట్టూ రాళ్ళు పేర్చి హద్దు పెడతాడు. టైరు మార్చుకుని పోయేటప్పుడు కొమ్మలు, రాళ్ళు అక్కడే వదిలేస్తాడు. తర్వాత వచ్చే స్కూటరు వాడికి ఆ రాళ్ళు చీకట్లో కనపడవు. జీపు ఆపి రాళ్ళు ఏరి పక్కన పడేసే పని ఏ రిజిస్టరులోనూ ఎక్కదు, ఎవరూ మెచ్చుకోరు. మంచి హైవే పార్టీని గుర్తుపట్టేది మాత్రం దానితోనే.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న వచ్చింది. అంతకు ముందు దెబ్బలు తగిలినవాళ్ళు జీపు వెనక బల్ల మీదే ఆసుపత్రికి చేరాలి. బల్ల పొడవు మనిషికి చాలదు, కాళ్ళు బయటికొస్తాయి. కంగారులో చంకల కింద చేతులు వేసి ఎత్తేస్తారు. మెడకి దెబ్బ ఉంటే దానితోనే ప్రాణం మీదికి రావచ్చు. చెక్క పలకో, తలుపో దొరికితే దాని మీదికి జరిపి, ఒకడు తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకోవాలి. మనుషుల్ని పంపాకే రోడ్డు సంగతి. లారీని పక్కకు తీసేముందు నాలుగు టైర్ల దగ్గరా సుద్దతో గీసి, బ్రేకు గీతల పొడవు, రోడ్డు అంచు నుంచి దూరం టేపుతో కొలవాలి. ట్రాఫిక్ ఆగిపోయిందని ఎవరో హారన్ కొడుతూనే ఉంటారు. కొలతలు లేకుండా బండి కదిలించేస్తే ఆ కేసు కోర్టులో నిలబడదు.

ఈ పనులన్నిటినీ వెనక్కి నెట్టి జీపులు ఒకే పని చేసిన కాలమూ ఒకటుంది. సారా నిషేధం 1993 అక్టోబరులో వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తేసేదాకా ఊరి చివర సారా కాచే బెల్లం ఊట వాసన కోసం గాలికి ఎదురుగా జీపు నడపడమే రౌండ్స్ అయింది. ఆ రెండేళ్ళూ తాళాలు లాగే చేతులు తగ్గాయి.

తెల్లవారుజామున మూడు దాటితే శత్రువు నిద్రే. డ్రైవరు మాట్లాడుతున్నంతసేపు ఫరవాలేదు. మాట తగ్గి, గేరు మార్చాల్సినచోట మార్చకుండా ఇంజను ముక్కుతుంటే అతని కళ్ళు చూడాలి. అప్పుడు టీ కన్నా చన్నీళ్ళు నయం. బోరింగు కనిపిస్తే ఆపి మొహం, మెడ వెనక, మోచేతులు కడుక్కుని ఐదు నిమిషాలు నడిచి ఎక్కాలి. రాత్రి లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపే పద్ధతి హైవేల మీద తర్వాత వచ్చింది. అది ముందు జీపుల్లోనే పుట్టుంటుంది.

పాయింట్ బుక్కులు బ్యాంకు గోడకో, గుడి దగ్గరో రేకు డబ్బాలో వేలాడేవి. బీటువాడు వచ్చి టైము వేసి సంతకం, రౌండ్స్ అధికారి దాని కింద సంతకం. ఒకేసారి వచ్చి 12.30, 2.00, 3.30 అని మూడు సంతకాలూ చేసి ఇంటికి పోయే ఘనులు ప్రతి స్టేషన్లోనూ ఉండేవాళ్ళు. రెండింటికి వచ్చిన అధికారికి మూడున్నర సంతకం ముందే కనపడితే ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. తెలివైనవాళ్ళు పెన్ను మార్చి చేసేవాళ్ళు. ఇప్పుడు ఈ-బీట్ అని గోడకి ట్యాగు, చేతిలో ఫోను. అక్కడికి వెళ్ళకుండా సంతకం పడదు. ఊరెళ్ళేవాళ్ళ ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ వచ్చింది. అనుమానితుడి వేలిముద్ర రోడ్డు మీదే పరికరంలో పెట్టి పాత రికార్డుతో పోల్చవచ్చు, లుంగీ అంచులు చూడక్కర్లేదు. అత్యవసర ఫోను నంబరు 100 పోయి 112 అవుతోంది. రాత్రి కన్నానికి స్టేషన్లో అందరికీ నోటికొచ్చిన ఐపీసీ 457, 380 సెక్షన్లు కూడా 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 331, 305 అయ్యాయి. ఇవన్నీ మేలే. కాకపోతే మనిషి షట్టరు దాకా వచ్చాడని ట్యాగు చెప్పగలదు. తాళం లాగాడా, నడుం వంచి అడుగు అంచు చూశాడా అన్నది చెప్పలేదు.

ఐదు కొట్టాక చివరి రౌండు ఇళ్ళ మధ్యే. ఇది దొంగని పట్టడానికి కాదు, వాడు మిగిల్చి పోయింది కనుక్కోవడానికి. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు అప్పటికే వీధులన్నీ తిరిగి ఉంటారు. తెరిచి ఉన్న తలుపు ముందు వాళ్ళ కంటే పడుతుంది. వాళ్ళని పలకరించకుండా ముగించిన రౌండు రౌండే కాదు. ఒక్కో వాకిట్లో కళ్ళాపి చప్పుడు, చీపురు చప్పుడు మొదలవుతాయి. జీపు ఇంజను ఆపి దొర్లుతూ పోతుంటే వెనక బల్ల మీద కానిస్టేబుల్ గడపలు చూసుకుంటూ వస్తాడు: ముగ్గు, ముగ్గు, ముగ్గు, లేదు. ఆగు. దిగి గేటు సందు చూస్తాడు. అగ్గిపుల్ల పెట్టినచోటే ఉంటుంది.

స్టేషన్లో డ్రైవరు మీటరు చూసి లాగ్‌బుక్కులో కిలోమీటర్లు వేసుకుంటాడు. సెంట్రీ ఆరు కొట్టడానికి సుత్తి తీస్తాడు. రైటర్ జీడీ తిప్పి, రాత్రి రాసిన గీత కిందే, రౌండ్స్ ముగించుకుని 5.50కి స్టేషన్ చేరిన సంగతి రాసి, చివర ఎప్పటి రెండు మాటలు వేస్తాడు: విశేషాలు లేవు.